ప్లగ్గు పట్టినంత మాత్రాన ప్యాడ్ పలకదు

ప్రశ్న: అన్నయ్యా, మాది తెనాలి పక్కన పల్లె. మా చర్చిలో ఎలక్ట్రానిక్ డ్రమ్ సెట్టు మాడ్యూల్ (ప్యాడ్ మీది దెబ్బని సౌండుగా మార్చే పెట్టె) చచ్చిపోయింది. ప్యాడ్లు మాత్రం బాగున్నాయి. పేరు తెలియని కంపెనీ మెష్ స్నేర్, మూడు టామ్‌లు, కిక్, హై-హ్యాట్ పెడల్. రైడ్ సింబల్ ఒక్కటి యమహా పీసీవై135, ఎవరో కానుకగా ఇచ్చారు. యూత్ అంతా డబ్బులేసుకుని సెకండ్ హ్యాండ్‌లో రోలాండ్ టీడీ-17 మాడ్యూల్ కొన్నాం. అన్నీ తగిలిస్తే స్నేర్ హెడ్ (మధ్య భాగం) మోగుతోంది, రిమ్ (చుట్టూ ఉండే అంచు) మోగట్లేదు. రైడ్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే బెల్ పలకట్లేదు. ఫ్లోర్ టామ్ కొడితే స్నేర్ కూడా సన్నగా మోగుతోంది. హై-హ్యాట్ పెడల్ తొక్కితే ఓపెన్, వదిలితే క్లోజ్! అమ్మినాయన ఫోన్ ఎత్తట్లేదు. మాడ్యూల్ పాడైందేమోనని అందరికీ టెన్షన్. సెమీ క్రిస్మస్ ప్రోగ్రాం లోపు సెట్ అవుతుందా?
– డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి

జవాబు: తమ్ముడూ, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు. మాడ్యూల్ పాడైతే ఇలా ఒక్కో ప్యాడ్‌కి ఒక్కో రకం జబ్బు రావడం అరుదు. పాపం ఆ అమ్మినాయన తప్పు కూడా ఏమీ ఉండకపోవచ్చు, ఫోన్ ఎత్తకపోవడం తప్ప.

కీబోర్డు వాయించేవాళ్ల అదృష్టం చూడు. 1983లో మిడి అనే ఉమ్మడి భాష వచ్చింది. అప్పట్నుంచి ఏ కంపెనీ కీబోర్డయినా ఇంకో కంపెనీ పెట్టెతో మాట్లాడుతోంది. ప్యాడ్ నుంచి మాడ్యూల్‌కి వచ్చే వైరు విషయంలో మాత్రం కంపెనీల మధ్య అలాంటి ఒప్పందం కుదరలేదు. దాదాపు అందరూ పావంగుళం జాకే పెట్టారు కాబట్టి ప్లగ్గు ఎక్కడైనా దూరుతుంది. దూరాక ఆ వైర్లో ఏం నడవాలన్నది ఎవరిష్టం వాళ్లది.

హెడ్ కింద ఉండేది పీజో బిళ్ల. తెరవగానే పాట పాడే గ్రీటింగ్ కార్డుల్లో ఉంటుందే, ఆ ఇత్తడి బిళ్ల. దెబ్బ తగిలితే చిన్న వోల్టేజీ పుట్టిస్తుంది. ఇక్కడ దాదాపు అన్ని కంపెనీలదీ ఒకటే దారి, అందుకే మీ హెడ్‌లూ కిక్కూ పెట్టగానే మోగాయి. గొడవంతా రెండో జోన్ (అదే ప్యాడ్‌లో వేరే సౌండ్ ఇచ్చే చోటు) దగ్గర. రిమ్ కింద కొందరు ఇంకో పీజో పెడతారు. కొందరు స్విచ్ పెడతారు, నొక్కితే రెండు రేకులు కలుసుకునే పొర, కాలింగ్ బెల్ బటన్ లాంటిది. రోలాండ్‌లోనే రెండు రకాలూ ఉన్నాయి. పీడీ-125 మెష్ ప్యాడ్ రిమ్‌లో పీజో ఉంటుంది, పీడీ-8 రబ్బరు ప్యాడ్ రిమ్‌లో స్విచ్. మాడ్యూల్ పీజో కోసం చెవి ఒగ్గి కూర్చుంటే, నువ్వు స్విచ్ ఎంత నొక్కినా దానికి వినపడదు.

మీ స్నేర్‌లో ఏముందో తేల్చడానికి ప్యాడ్ విప్పక్కర్లేదు. మీ ఊరి కరెంటు పనివాడి దగ్గర మల్టీమీటర్ అడిగి తీసుకో. ప్యాడ్‌కి స్టీరియో కేబుల్ తగిలించి రెండో కొస చేతిలో పట్టుకో. ప్లగ్గు మీద రెండు నల్ల గీతలుంటే స్టీరియో, ఒకటే ఉంటే మోనో. మీటర్ని బీప్ మీద పెట్టి, ఒక పుల్ల గీతల మధ్యనున్న రింగుకి, ఇంకోటి ప్లగ్గు మొదట్లో ఉన్న పొడుగు భాగానికి ఆనించు. రిమ్‌ని గట్టిగా నొక్కు. బీప్ వస్తే స్విచ్. రాకపోతే మీటర్ని ఏసీ వోల్టుల మీదకి తిప్పి రిమ్ మీద కర్రతో కొట్టు. అంకెలు గెంతితే పీజో. రెండూ కాకపోతే ఆ రిమ్‌లో అసలు సెన్సరే లేదు, లేదా దాని వైరు తెగింది.

తేలాక టీడీ-17లో ట్రిగర్ సెట్టింగ్స్‌కి వెళ్లి, స్నేర్ ఇన్‌పుట్‌కి ప్యాడ్ టైప్ మార్చు. అక్కడ ఉండేవన్నీ రోలాండ్ పేర్లే, మీ ప్యాడ్ పేరు దొరకదు. పేరు కోసం వెతక్కు, స్వభావం కోసం వెతుకు. స్విచ్ అయితే పీడీ8, పీజో అయితే పీడీ125 పెట్టి చూడు. ఆ తర్వాత సెన్సిటివిటీ. మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఒకేలా మోగుతుంటే తగ్గించు, చేతులు నొప్పెట్టేలా కొడితే గానీ మోగకపోతే పెంచు.

ఇంకో సంగతి నువ్వు రాయలేదు. టీడీ-17కి ప్యాడ్లు దాదాపు అన్నీ ఒకే 25 పిన్నుల సాకెట్‌లోంచే వెళ్తాయి. పాత కంప్యూటర్ ప్రింటర్ వైరుకి ఉండేదే, అదే ఆకారం. మీరు మాడ్యూల్ ఒక్కటే కొన్నామన్నారు, మరి ప్యాడ్ల వైర్లన్నీ ఒకే ప్లగ్గులో కలిసే ఆ గుత్తి కేబుల్ ఎక్కడిది? పాత సెట్టుదే తగిలించి ఉంటే నా మొదటి అనుమానం దాని మీదే. సాకెట్ ఒకేలా ఉన్నా లోపలి పిన్నుల వరస ఒకేలా ఉంటుందన్న హామీ లేదు. దీనికీ ఒక పరీక్ష ఉంది. మాడ్యూల్‌కి విడిగా క్రాష్ 2, ఆక్స్ అని రెండు జాకులుంటాయి. స్నేర్‌ని మామూలు స్టీరియో కేబుల్‌తో ఆక్స్‌లో పెట్టి, దానికీ ప్యాడ్ టైప్ సరిచేసి కొట్టు. రిమ్ అక్కడ పలికి, గుత్తి కేబుల్‌లో పలక్కపోతే దొంగ దొరికినట్టే.

స్టీరియో కేబుల్ అని మళ్లీ మళ్లీ ఎందుకంటున్నానో చెప్తాను. చాలా ఏళ్ల కిందట గుడివాడ వైపు ఒక పెళ్లి ఆర్కెస్ట్రాలో నా క్రాష్ కేబుల్ తెగితే, గిటారిస్టు దగ్గర స్పేర్ వైరు అడిగి పెట్టుకున్నాను. సింబల్ కొడితే 'టప్' మని ఆగిపోతోంది, మోత సాగట్లేదు. ఒకవైపు పెళ్లికూతురి ఊరేగింపు వచ్చేస్తోంది. మాడ్యూల్‌ని తిట్టాను, సౌండ్ సిస్టం అబ్బాయిని తిట్టాను. తీరా చూస్తే గిటారు వైరు మోనో. మోనో ప్లగ్గు జాక్‌లో రింగునీ కింది భాగాన్నీ కలిపేస్తుంది. అంచుని చేత్తో పట్టుకుంటే మోత ఆగాలని సింబల్‌లో ఒక స్విచ్ ఉంటుంది కదా, ఆ స్విచ్ ఎవరో నొక్కి పట్టుకున్నారనుకుంది మాడ్యూల్. అదేం చేస్తుంది పాపం, మోత ఆపింది. ఆ అబ్బాయికి మర్నాడు టిఫిన్ పెట్టించాను.

ఇక రైడ్. పీసీవై135 మంచి సింబల్, పాడవలేదు. యమహా వాళ్లు బో (బెల్‌కీ అంచుకీ మధ్య భాగం), అంచు, బెల్ మూడింటినీ ఒక్క కేబుల్‌లో పంపిస్తారు. అంచు స్విచ్‌కీ బెల్ స్విచ్‌కీ తేడా తెలియడానికి మధ్యలో ఒక రెసిస్టర్ పెడతారు. మీటర్ని ఓమ్స్‌లో పెట్టి చూస్తే నొక్కిన చోటుని బట్టి అంకె మారుతుంది. రోలాండ్ వాళ్లది వేరే దారి. వాళ్ల సీవై-15ఆర్ లాంటి మూడు జోన్ల రైడ్‌కి రెండు జాకులుంటాయి, బెల్ రెండో కేబుల్‌లో వస్తుంది. కాబట్టి మీ రైడ్‌లో బో, అంచు, చేత్తో పట్టుకుంటే ఆగడం, వీటితో సర్దుకోండి. లోపల రెసిస్టర్ పీకేసి మార్చేవాళ్లున్నారు. కానుకగా వచ్చిన సింబల్ మీద ఆ ప్రయోగం వద్దు. ఆరాధన పాటల్లో బెల్ ఎన్నిసార్లు కొడతావు నువ్వు?

ఫ్లోర్ టామ్ గొడవ సెన్సర్లది కాదు, ఇనపగొట్టాలది. అన్నీ ఒకే ర్యాక్‌కి బిగించి ఉంటాయి, ఒకచోట దెబ్బ ఇంకోచోటికి పాకుతుంది. ముందు క్లాంపులు బిగించు, స్నేర్‌ని ర్యాక్ నుంచి తీసి విడి స్టాండు మీద పెట్టు. సగానికి సగం అక్కడే తగ్గుతుంది. మిగిలినదానికి, ఇలా పాకిన దెబ్బల్ని వినకుండా చేసే క్రాస్‌టాక్ క్యాన్సిల్ సెట్టింగ్‌ని ఒక్కో మెట్టు పెంచు. ఒకేసారి పైకి పెట్టేశావో, టామ్‌తో పాటు స్నేర్ మీద మెల్లగా వేసిన దెబ్బల్ని కూడా మింగేస్తుంది.

హై-హ్యాట్ పెడల్ మీద మాత్రం టైం పెట్టకు. రోలాండ్ ఎఫ్‌డీ-8 లాంటి పెడల్ తొక్కే లోతుని బట్టి రెసిస్టెన్స్ మారుస్తూ పోతుంది, సగం తెరిచిన సౌండ్ అలా వస్తుంది. చవక సెట్లలో చాలా పెడళ్లు ఉత్త ఆన్-ఆఫ్ స్విచ్‌లు, అవి కూడా కొన్ని తలకిందులుగా పనిచేసేవి. వేరే కంపెనీ ప్యాడ్లు ఎన్ని కలిపినా నాకు అభ్యంతరం లేదు గానీ, హై-హ్యాట్ పెడల్ మాత్రం మాడ్యూల్ ఏ కంపెనీదో ఆ కంపెనీదే కొనండి. ఇంకోసారి డబ్బులేసుకోవాల్సింది ఈ ఒక్కదానికే.


ప్రశ్న: సార్, మాది హనుమకొండ. కాలేజీ బ్యాండ్‌లో రోలాండ్ ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్ (ప్యాడ్లూ మాడ్యూలూ ఒకే పెట్టెలో ఉండేది) వాయిస్తాను. వేరే కంపెనీ కిక్ ప్యాడ్‌ని, బయటి ప్యాడ్ల కోసం ఉండే ట్రిగర్ ఇన్ జాక్‌లో పెడితే ఒక్కసారి తొక్కినప్పుడు రెండుసార్లు మోగుతోంది. ఇంకో ప్యాడ్ కూడా పెట్టాలని ఉంది. జాకులు రెండే కదా, ఎన్ని పెట్టొచ్చు?
– ఇంజినీరింగ్ విద్యార్థిని

జవాబు: అమ్మా, ముందు నీ కాలు చూసుకో. బీటర్‌ని ప్యాడ్‌కి అదిమిపెట్టి ఉంచే అలవాటుంటే అది అక్కడే వణికి రెండో దెబ్బ వేస్తుంది. తొక్కి వదిలినా డబుల్ వస్తుంటే త్రెషోల్డ్ కాస్త పెంచు, చిన్న వణుకులు లెక్కలోకి రావు. అప్పటికీ పోకపోతే మాస్క్ టైమ్. ఒక దెబ్బ పడ్డాక ఇన్ని మిల్లీసెకన్లు ఇంకేదీ వినొద్దని మాడ్యూల్‌కి చెప్పడమే అది. 30 దాకా పెట్టినా నీ వేగానికి అడ్డు రాదు. నిమిషానికి 120 బీట్ల పాటలో బీటుకి నాలుగు కిక్కులు వేసినా దెబ్బకీ దెబ్బకీ మధ్య 125 మిల్లీసెకన్లు ఉంటుంది.

రెండు జాకుల్లో నాలుగు ప్యాడ్లు పెట్టుకోవచ్చు. వాటి మీద 1/2, 3/4 అని రాసి ఉండేది అందుకే. ఒకవైపు స్టీరియో ప్లగ్గు, రెండోవైపు రెండు మోనో కొసలున్న వై-కేబుల్ తీసుకో. కోఠి గుజరాతీ గల్లీలో ప్లగ్గులు, వైరు విడిగా దొరుకుతాయి, టంకం పెట్టడం వస్తే నువ్వే చేసుకోవచ్చు. ఒక మాట, రోలాండ్ పీడీ-140డీఎస్ లాంటి డిజిటల్ ప్యాడ్ ఎవరైనా చవగ్గా ఇస్తామంటే వద్దను. దాని కొస యూఎస్‌బీ, 2016లో టీడీ-50తో పాటు వచ్చిన సంతానం అది. నీ పెట్టెకి పనికిరాదు.


ప్రశ్న: కరీంనగర్ జిల్లా నుంచి రాస్తున్నాను. మా డప్పుకి పీజో బిళ్ల అతికించి మాడ్యూల్‌కి కలిపితే డప్పు మోతే పెద్దగా వస్తుందా?
– డప్పు కళాకారుడు

జవాబు: రాదన్నా. పీజోని ట్రిగర్‌గా పెడితే అది మైకులా వినదు. దెబ్బ పడిందా, ఎంత గట్టిగా పడింది, ఈ రెండే మాడ్యూల్‌కి తెలిసేవి. మోగేది మాడ్యూల్లో ఉన్న సౌండే. మీరు మంట దగ్గర కాచి తెచ్చిన శ్రుతి దానికి అవసరమే లేదు, చల్లారిన డప్పయినా ఒకటే. మీ మోతే జనానికి వినపడాలంటే మంచి మైకు పెట్టించుకోండి.

డప్పు మోత అలాగే ఉంచి, దాని కింద ఇంకో బేస్ సౌండ్ కలవాలనుకుంటే మాత్రం పీజో బాగుంటుంది. 27 మిల్లీమీటర్ల బిళ్లని చర్మం మీద కాకుండా లోపలి వైపు చట్రానికి, మధ్యలో పలచని ఫోమ్ పెట్టి అతికించండి. సిర్ర (లావు పుల్ల) దెబ్బకీ సిటికెన పుల్ల (సన్నది) దెబ్బకీ బలం తేడా ఎక్కువ. త్రెషోల్డ్ కొంచెం ఎత్తులో పెడితే సిర్ర దెబ్బకే బేస్ పడుతుంది, పుల్ల దానంతటది ఆడుకుంటుంది. డప్పు కాచేముందు బిళ్ల ఊడదీయడం మర్చిపోకండి, ఆ వేడికి జిగురు కరిగి ఊడొస్తుంది.