6.5 వచ్చిన అమ్మాయిని మళ్లీ పరీక్షకు కూర్చోబెట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయికి విదేశీ చదువు కోసం రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 వచ్చింది. అది బీ2 స్థాయేనట. మా బావగారి అబ్బాయి పీటీఈ అనే మరో ఇంగ్లిష్ పరీక్ష రాసి సీ1 తెచ్చుకున్నాడు. ఆ పరీక్ష సులువని అందరూ అంటున్నారు. మా అమ్మాయి చేత కూడా అదే రాయించమంటారా?

జవాబు: అయ్యా, ముందుగా ఆ ‘బీ2 స్థాయేనట’ అన్న మాట వదిలేయండి. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో భాషా సామర్థ్యానికి ప్రకటించిన ఏ1 నుంచి సీ2 వరకున్న ఆరు మెట్లలో అది నాలుగోది. తాను చదివే రంగంలో సాంకేతిక చర్చను అర్థం చేసుకోగలగడం, ఆ భాష పుట్టుకతో వచ్చినవారితో తడబడకుండా మాట్లాడగలగడం బీ2 లక్షణాలు. మీ అమ్మాయి అది సాధించింది. ఐఈఎల్‌టీఎస్‌లో 5.5 నుంచి 6.5 వరకు బీ2, 7 నుంచి సీ1. అంటే ఆమె సీ1 గడప దగ్గరే ఉంది.

పీటీఈలో దాదాపు 59 నుంచి 75 వరకు బీ2గా లెక్కిస్తారు. ఇలాంటిదే ఇంకో పరీక్ష టోఫెల్; దాని పాత 120 మార్కుల కొలతలో 72 నుంచి 94 వరకు బీ2. 2026 జనవరి నుంచి ఆ పరీక్ష 1–6 కొలతకు మారింది కాబట్టి పాత పట్టికలతో పోల్చుకోకండి. ఇవన్నీ ఆయా సంస్థలు తమ పరీక్షకు వేసుకున్న అంచనాలు. అంచుల దగ్గర ఒకదానితో మరొకటి సరిగ్గా అతకవు.

ఇక సులువైన పరీక్ష సంగతి. ఈ వెతుకులాట ఇప్పుడు బాగా పెరిగింది, నాకు మాత్రం దీని మీద నమ్మకం లేదు. పీటీఈలోలా కంప్యూటర్‌తో మాట్లాడటం కొందరికి తేలిక, ఐఈఎల్‌టీఎస్‌లోలా మనిషి ఎదుట మాట్లాడటం మరికొందరికి తేలిక. తేడా ఆ మేరకే. పరీక్ష మార్చి నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకున్న విద్యార్థి, మొదటి సెమిస్టర్‌లో మూడు వేల పదాల వ్యాసం రాయలేక కుంగిపోవడం చూశాను. ఆ విద్యార్థికి కావలసింది రాసే సాధన. దానికి పెట్టాల్సిన నెలలు పరీక్షలు మార్చడంలో కరిగిపోయాయి.

అందుకే మీరు రాయని ఒక విషయం అడుగుతున్నాను. 6.5 అనేది నాలుగు విభాగాల సగటు. వినడంలో 7.5, చదవడంలో 7, మాట్లాడటంలో 6, రాయడంలో 5.5 వచ్చినా సగటు 6.5 అవుతుంది. చాలా విశ్వవిద్యాలయాలు ఒక్కో విభాగానికి కనీస మార్కు విడిగా అడుగుతాయి. మీ అమ్మాయి రాతలో ఎంత తెచ్చుకుంది? ఏ కోర్సులో చేరాలనుకుంటోంది? మీ లేఖలో మేనల్లుడి స్థాయి ఉంది, ఈ రెండూ లేవు. తండ్రిగా మీ ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ ఇతరుల పిల్లవాడి సర్టిఫికెట్‌తో పోల్చి కూతురిని కొలవడం అన్యాయం. ఆ పోలిక ఆమె చెవిన పడకుండా ఉండదు.

ఆమె కోరుకున్న కోర్సు ప్రవేశ నిబంధనలు ఇద్దరూ కూర్చుని చదవండి. ఆ మార్కులు వచ్చి ఉంటే మళ్లీ రాయించకండి, ఫలితం సాధారణంగా రెండేళ్లు చెల్లుతుంది. ఒక విభాగంలోనే తగ్గితే ఆ ఒక్కదానికి సాధన చేయించి, అదే పరీక్ష రాయించండి. ఎప్పుడు రాయాలో ఆమెనే చెప్పనివ్వండి.