చిత్తుప్రతి దానంతట అదే భద్రమయ్యే ఏర్పాటును రచయిత ఆపుకోగలగాలా?

టపా రాస్తున్నప్పుడు చిత్తుప్రతి దానంతట అదే భద్రమయ్యే ఏర్పాటును, అంటే ఆటోసేవ్‌ను, ఇష్టం లేని రచయిత తనవరకు ఆపుకొనే వీలు బ్లాగు సైటులో ఉండాలా అని మీరు అడిగారు. తప్పకుండా ఉండాలని నేను నమ్ముతున్నాను. అందుకు కారణం నాకు జరిగిన ఒక నష్టం.

కొన్నేళ్ల క్రితం మా అమ్మమ్మగారి ఊరి చెరువు గురించి మూడు వారాలుగా రాసుకుంటున్న వ్యాసాన్ని తెరిచి, మధ్యలోని నాలుగు పేరాలు లేకుండా చదివితే ఎలా ఉంటుందో చూద్దామని వాటిని తొలగించాను. నచ్చకపోతే భద్రపరచకుండా మూసేయవచ్చు, పాతది పాతదిగానే ఉంటుంది అనుకున్నాను. అంతలో ఎవరో పిలిస్తే లేచి వెళ్లాను. తిరిగి వచ్చి, పేజీ మూసి మళ్లీ తెరిస్తే ఆ పేరాలు లేవు. నేను ఏ మీటా నొక్కకపోయినా ఆ సైటు నా చిత్తుప్రతిని మార్చేసింది, పాత కూర్పులను దాచే పద్ధతి అందులో లేదు. గట్టు మీద బతుకమ్మలు దించిన సాయంత్రాన్ని మళ్లీ రాశాను గానీ, మొదటిసారి కుదిరిన వాక్యాలు మళ్లీ కుదరలేదు.

తర్వాత సొంత సైటు పెట్టుకొని, బ్లాగులు నడిపే సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్‌కు మారాక ఈ విషయం శ్రద్ధగా తెలుసుకున్నాను. అందులో సర్వర్‌కు భద్రపరిచే వ్యవధి మామూలుగా 60 సెకన్లు. ప్రచురించిన టపాను సవరిస్తున్నప్పుడు ఆటోసేవ్ అసలు టపాను తాకదు, ఒక్కో రచయితకు ఒక్క ప్రతిని విడిగా ఉంచుతుంది. ఇంకా ప్రచురించని మన సొంత చిత్తుప్రతి విషయంలో మాత్రం ఆ చిత్తుప్రతే మారుతుంది. 2008లో వచ్చిన 2.6 వెర్షన్ నుంచి పాత కూర్పులను చూసే సదుపాయం ఉంది కాబట్టి, మనం స్వయంగా భద్రపరిచిన రూపాలు అక్కడ దొరుకుతాయి. అందువల్ల నాకు జరిగినంత నష్టం అక్కడ జరగదు.

ఆ 60 సెకన్ల వ్యవధిని, సైటు అమరికలు ఉండే కాన్ఫిగ్ ఫైలులో ఒక్క వాక్యంతో మార్చవచ్చు. 86400 సెకన్లు అని పెడితే రోజుకొకసారి అన్నట్టే, అంటే దాదాపు ఆపినట్టే. అయితే ఆ ఫైలు సైటు యజమాని చేతిలో ఉంటుంది, ఆ మార్పు అందరికీ వర్తిస్తుంది. పదిమంది కలిసి రాసే సైటులో ఒక్క రచయిత తనకోసం కోరుకొనే మార్పు అది కాదు. అటువంటి సైటులో ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. సంపాదకుడి హోదా ఉన్నవారు ఇతరుల చిత్తుప్రతులను తెరిచి చూడగలరు. కోపంలో రాసి, చల్లబడ్డాక కొట్టివేయాలనుకున్న వాక్యం కూడా ఈలోగా సర్వర్‌కు చేరిపోతుంది. ఇది ఇతరులకు చూపవచ్చునని రచయిత నిర్ణయించుకొనే వరకు ఆ రాత అతనిదే కావాలి, ఈ విషయంలో నాకు రాజీ లేదు.

కరెంటు పోయి, నెట్ తెగి గంటల కష్టం పోగొట్టుకొన్నవారు మనలో ఎందరో ఉన్నారు కాబట్టి, ఆటోసేవ్ మొదట పనిచేస్తూనే ఉండాలి, ఆపుకోవడం కోరినవారికే ఉండాలి. ఆపుకొన్నవారికి కూడా బ్రౌజర్‌లో ఒక ప్రతి నిలిచేటట్టు చూడవచ్చు. వర్డ్‌ప్రెస్‌లో 2013 నాటి 3.6 వెర్షన్ నుంచి అటువంటి ప్రతి ఉంది. భద్రపరచకుండా పేజీ వదిలి వెళ్తుంటే హెచ్చరిక రావాలి. ఇంకా మేలైన పద్ధతి, ఆటోసేవ్ ప్రతిని చిత్తుప్రతిలో కలపకుండా పక్కన ఉంచి, మళ్లీ తెరిచినప్పుడు ఏది కావాలో రచయితనే అడగడం.

మీ సైటులో ఆ వీలు వచ్చేవరకు, తెలుగు టైపు చేసే లేఖినిలోనో నోట్‌ప్యాడ్‌లోనో రాసుకొని, పూర్తయ్యాక తెచ్చి అతికించండి. పెద్ద కోతలు పెట్టే ముందు మొత్తం పాఠాన్ని తేదీ పేరుతో మరో ఫైలులోకి నకలు చేయండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తున్నాను.