యాష్లీ నది ఒడ్డున ఇల్లు కొనే ముందు: ఫాస్ఫేట్ నేలల సంగతి

అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రంలో, యాష్లీ నది ఒడ్డున ఉన్న చార్లెస్టన్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్లు కొందరు, ఒకప్పుడు ఎరువుల కోసం ఫాస్ఫేట్ రాయి తవ్విన పాత నేలలో ఇల్లు కొనవచ్చా, పెరట్లో గోంగూర వేసుకోవచ్చా అని అడుగుతున్నారు. గని తవ్విన నేల వేరు, ఎరువుల ఫ్యాక్టరీ నడిచిన నేల వేరు. ఎక్కువ జాగ్రత్త పడవలసింది రెండోదాని విషయంలో.

1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయాక, ఇక్కడి ప్లాంటేషన్ యజమానులకు భూమి మిగిలింది గానీ పెట్టుబడి మిగలలేదు. ఆ భూముల్లోనే కొద్ది అడుగుల లోతున ఉన్న, అంతవరకు కంపు రాళ్లని తీసిపారేసిన ఫాస్ఫేట్ గడ్డలు ఎరువుకు పనికివస్తాయని 1867లో తేలింది. 1880లలో ప్రపంచ ఫాస్ఫేట్‌లో దాదాపు సగం ఈ ఒక్క రాష్ట్రం నుంచే వచ్చింది. పారా, పలుగులతో దాన్ని తవ్వినవారిలో అత్యధికులు బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివారు; మేస్త్రీ కనుసన్నల్లో రోజంతా పనిచేయడం కాక, ఇంత మేర తవ్వితే ఆనాటి పని తీరినట్టేనన్న, బానిసత్వ కాలంలో వరిపొలాల్లో ఉన్న పద్ధతికే వారు పట్టుబట్టారు. మీరు టికెట్ కొని చూసే పాత ప్లాంటేషన్ భవనం డ్రేటన్ హాల్ మరమ్మతులకు ఆదుకున్నదీ ఆ ఫాస్ఫేట్ సొమ్మే. 1893 తుఫాను, ఫ్లోరిడా నిల్వల పోటీ కలిసి ఈ వ్యాపారాన్ని దెబ్బతీశాయి.

గనులు వదిలిపోయినవి వరుస గట్లు, నీళ్లు నిలిచే కాలువలు. అలాంటిచోట పునాది, మురుగునీటి పారుదల చూపించుకోవాలి. ఫ్యాక్టరీల సంగతి వేరు. ఫాస్ఫేట్ రాతిపొడిని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలిపితే మన రైతులు ‘సూపర్’ అనే ఎరువు తయారవుతుంది. ఆ ఆమ్లాన్ని అప్పట్లో సీసపు రేకులు తాపిన గదుల్లో, ఆర్సెనిక్ కలిసి ఉండే పైరైట్ ఖనిజాన్ని కాల్చి తయారుచేసేవారు. అందుకే నగరానికి ఉత్తరాన పాత ఫ్యాక్టరీ స్థలాల మట్టిలో సీసం, ఆర్సెనిక్ మిగిలాయి.

కాబట్టి కొనుగోలు ఒప్పందంలోని పరిశీలన గడువు దాటకముందే, ఆ స్థలంలో గని ఉండేదా, ఫ్యాక్టరీ ఉండేదా తెలుసుకోవడానికి కౌంటీ రిజిస్ట్రేషన్ కార్యాలయంలో పాత పటాలు తీయించండి. క్లెమ్సన్ విశ్వవిద్యాలయ వ్యవసాయ విస్తరణ కార్యాలయంలో మట్టి పరీక్షకు ఇవ్వవచ్చు గానీ, మామూలు పరీక్ష పోషకాలనే చెబుతుంది. సీసం, ఆర్సెనిక్ పరీక్ష ఏ ల్యాబ్‌లోనైనా ప్రత్యేకంగా అడిగి చేయించుకోవాలి. ఫలితం వచ్చేదాకా ఆకుకూరలను పెరటి నేలలో వేయకండి. చెక్కలతో ఎత్తైన మడి కట్టి, కొన్న మట్టి నింపి, అందులో వేసుకోండి.