ఖైరతాబాద్ పిన్‌కోడ్‌ను విడగొడితే

ప్రశ్న: మా పిన్‌కోడ్ 500004. దాని ప్రధాన కారణాంకాలు కనుక్కోమంటే మా అమ్మాయి 36తో భాగించి, మిగిలిన 13889 ప్రధాన సంఖ్యేనని ఆపేసింది. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖైరతాబాద్

జవాబు: కాదండీ, అందులో ఇంకా మూడున్నాయి. 36 వరకూ లెక్క సరిగ్గానే ఉంది: చివర 04 ఉంది కాబట్టి 4తో, అంకెల మొత్తం 9 కాబట్టి 9తో పోతుంది. ఇక 7, 11, 13లను ఒకేసారి చూసేయొచ్చు. ఆ మూడింటి లబ్ధం 1001. అందుకని కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి తేడా తీస్తే చాలు: 889 − 13 = 876. దీన్ని 7తో భాగిస్తే శేషం 1, 11తో 7, 13తో 5. మూడూ పోవు. పిల్లలు సాధారణంగా ఇక్కడే విసుగొచ్చి ఆపేస్తారు. ఒక్క అడుగు ముందుకేస్తే 17 ఉంది: 17×800 = 13600, మిగిలిన 289 అంటే 17×17. కాబట్టి 13889 = 17×817.

817 వర్గమూలం 29 లోపే. అందుకని 23 దాటి వెతకక్కర్లేదు. మళ్లీ 17తో భాగిస్తే 1 మిగులుతుంది, 19తో నిశ్శేషంగా పోయి 43 వస్తుంది.

500004 = 2² × 3² × 17 × 19 × 43

ఘాతాలకు ఒక్కోటి కలిపి గుణిస్తే 3×3×2×2×2, అంటే 72 భాజకాలు. ఆ ఒకటి కలపడం మరిచిపోతే 4 వస్తుంది, జాగ్రత్త! భాజకాలన్నీ కూడితే 7×13×18×20×44 = 14,41,440. అందులోంచి సంఖ్యను తీసేసినా 9,41,436 ఉంది. అసలు సంఖ్యకంటే ఎక్కువ కాబట్టి ఇది అబండెంట్ సంఖ్య. నిజానికి 6 కంటే పెద్దదైన 6 గుణిజం ఏదైనా అంతే. అంకెల మొత్తంతో భాగింపబడుతుంది గనుక హర్షద్ సంఖ్య కూడా; ఆ పేరు పెట్టింది దేవ్‌లాలీ బడిపంతులు కప్రేకర్.

రెండు వర్గాల మొత్తంగా మాత్రం రాయలేం. 4తో భాగిస్తే 3 మిగిలే 19, 43 ఇందులో ఒక్కోసారే ఉన్నాయి, అదే అడ్డు. మూడు వర్గాలైతే కుదురుతుంది: 706² + 28² + 28².

ప్రశ్న: సికింద్రాబాద్ 500003 బేసి, అంకెల మొత్తం 8, చివర 5 లేదు. 1001 ఉపాయంతోనూ 7 పోలేదు. ప్రధాన సంఖ్యేగా?
– ఒక విద్యార్థి, సికింద్రాబాద్

జవాబు: 5,00,003 అని రాసుకుని, కామాల మధ్య ఉన్నవి తీసుకుని 3 − 0 + 5 = 8 చేసుంటారు. మన లక్షల కామా ఈ లెక్కకు పనికిరాదు. 500, 003 అని విడదీయండి: తేడా 497, అంటే 7×71. కాబట్టి 500003 = 7×71429.