మంచు మీద స్కీయింగ్, పంపొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడండీ. మా అమ్మాయి జనవరిలో కాశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్లి స్కీయింగ్ నేర్చుకుంటానంటోంది, మంచు ఎప్పుడూ చూసింది కాదు, కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటుందేమోనని భయం.

జవాబు: పంపించండమ్మా. కొత్తవాళ్లని గొండోలాలో, అంటే కేబుల్ కారులో, కొండ పైకి తీసుకెళ్లరు, కింద 2,650 మీటర్ల ఎత్తున ఉండే మైదానంలో చిన్న వాలు మీదే మొదలుపెడతారు. ముందు నేర్చుకోవాల్సింది ఆగడం, స్కీల (బూట్లకి బిగించే పొడవాటి పలకల) ముందు కొసలు దగ్గరకి తెచ్చి మడమలు బయటికి తోస్తే ముక్కోణంలా అవుతుంది, లోపలి అంచులు మంచుని గీరుకుంటూ స్పీడు తగ్గిపోతుంది. భయమేసి వెనక్కి వాలితే అదుపు తప్పుతుంది, మోకాలి కింద ముందు భాగం బూటుకి ఆనేలా కాస్త ముందుకే వంగి ఉండాలి. పడక తప్పదనిపిస్తే పక్కకి పడమనండి. హెల్మెట్ తప్పనిసరి. చలని రెండు జతల సాక్సులు మాత్రం వేసుకోవద్దని చెప్పండి, బూటు బిగిసి రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి, ఒక్క ఉన్ని జత చాలు.