పీటీఆర్ రికార్డు ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: ఆదోనిలో మాది పత్తి జిన్నింగ్ మిల్లు. స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) తీసుకుని సొంత మెయిల్ సర్వర్ పెట్టుకున్నాం. బయటి నుంచి మెయిళ్ళు బాగానే వస్తున్నాయి. మేం జీమెయిల్ అడ్రస్‌లకు పంపితే మాత్రం పీటీఆర్ రికార్డు లేదంటూ 550 5.7.25 నంబరుతో తిరిగొస్తున్నాయి. డొమైన్ కొన్నచోట ప్యానెల్‌లో పీటీఆర్ పెట్టి రెండు రోజులైంది, ఏ మార్పూ లేదు. ఇన్‌వాయిస్‌లు పోక చాలా ఇబ్బందిగా ఉంది.
- ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: రికార్డు పెట్టారు గానీ, ఎవరూ చూడని చోట పెట్టారు. డొమైన్ పేరు మీది కాబట్టి, పేరు నుంచి ఐపీకి దారి చూపే ‘ఎ’ రికార్డు మీ చేతిలోనే ఉంటుంది. ఐపీ అలా కాదు, కౌలు భూమి లాంటిది. సాగు మీదే అయినా పాసుపుస్తకం యజమాని దగ్గరే ఉంటుంది. ఐపీ నుంచి పేరుకు తిరుగుదారి చూపే పీటీఆర్‌ను ఆ ఐపీ ఎవరిదో వాళ్ళే రాయాలి. అంటే మీకు లైన్ ఇచ్చిన ఇంటర్నెట్ కంపెనీ.

మీ ఐపీ 203.0.113.25 అనుకుందాం. మీ మెయిల్ రాగానే అవతలి సర్వర్ ఆ అంకెల్ని వెనక నుంచి పేర్చి, 25.113.0.203కి చివర ‘ఇన్-యాడర్ డాట్ ఆర్పా’ తగిలించి, ఈ పేరుకు పీటీఆర్ ఏముందని అడుగుతుంది. ఆ జాబితా (జోన్) ఇంటర్నెట్ కంపెనీ డీఎన్ఎస్ సర్వర్లలో, అంటే పేర్లకూ ఐపీలకూ లంకె చెప్పే సర్వర్లలో ఉంటుంది. మీ డొమైన్ ప్యానెల్ దాకా ఆ ప్రశ్న రానే రాదు.

ముందు మీ ప్యానెల్‌లో ‘మెయిల్ డాట్ మీ డొమైన్’ అనే పేరుకు ఆ ఐపీతో ‘ఎ’ రికార్డు పెట్టండి. తర్వాత కనెక్షన్‌కు రిజిస్టర్ చేసిన మెయిల్ నుంచే ఇంటర్నెట్ కంపెనీకి రాయండి: ఐపీ ఇదీ, పేరు ఇదీ, రివర్స్ డీఎన్ఎస్ (పీటీఆర్) పెట్టాలి, దీన్ని నెట్‌వర్క్ టీమ్‌కు పంపండి అని. ‘డీఎన్ఎస్ మార్చండి’ అని మాత్రం రాయకండి. కాల్‌సెంటర్ వాళ్ళు రౌటర్‌లో డీఎన్ఎస్ అనుకుని మిమ్మల్ని తిప్పుతారు.

వాళ్ళు పెట్టామన్నాక విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎన్ఎస్‌లుకప్’ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి ఐపీ ఇవ్వండి. పేరు రావాలి. ఆ పేరే ఇచ్చి మళ్ళీ అడగండి, మొదటి ఐపీ రావాలి. రెండు దిక్కులా కలవకపోతే లాభం లేదు, ఎందుకంటే పీటీఆర్ ఉండి ‘ఎ’ రికార్డు తప్పినా జీమెయిల్ ఇచ్చేది అదే 5.7.25. 2024 ఫిబ్రవరి నుంచి తనకు మెయిల్ పంపే అందరికీ ఈ నిబంధన ఉంది. ‘రికార్డు లేదు’ అన్న పాత జవాబును కూడా డీఎన్ఎస్ సర్వర్లు కొంతసేపు దాచుకుంటాయి కాబట్టి ఒక రోజు ఓపిక పట్టండి.

సర్వర్ తనను తాను పరిచయం చేసుకునే హెలో పేరు కూడా అదే ఉండాలి. మీ మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్ అయితే దాని సెట్టింగ్‌లలో మైహోస్ట్‌నేమ్ చూడండి. అక్కడ లోకల్‌హోస్ట్ అనో, చివర డాట్ లోకల్ అనో ఉంటే జీమెయిల్ ఊరుకున్నా మిగతా సర్వర్లలో చాలా ఊరుకోవు.

ఇన్ని చేశాక కూడా ఒకసారి పోయి ఒకసారి తిరిగొస్తుంటే, తిరిగొచ్చిన (బౌన్స్) మెయిల్‌లో జీమెయిల్ రాసిన ఐపీని అంకె అంకె పోల్చండి. అది మీ స్టాటిక్ ఐపీ కాకపోవచ్చు. మన ఊళ్ళలో కరెంటు, కేబుల్ బాధల వల్ల చాలామంది రెండో లైన్ పెట్టుకుంటారు. రౌటర్ రెండింటికీ లోడ్ పంచుతుంటే, సగం మెయిళ్ళు పీటీఆర్ లేని లైన్‌లో పోతాయి. సర్వర్ నుంచి పోర్టు 25కు (సర్వర్ల మధ్య మెయిల్ నడిచే దారి) పోయేదంతా స్టాటిక్ లైన్‌లోనే పోవాలని రౌటర్‌లో రూల్ రాయండి. ఆ లైన్ పడిపోయినా భయం లేదు, పోస్ట్‌ఫిక్స్ మామూలు సెట్టింగ్‌లో 5 రోజుల దాకా మెయిల్‌ను క్యూలో ఉంచి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. బౌన్స్‌లో కోలన్‌లతో పొడవాటి ఐపీవీ6 అడ్రస్ కనిపిస్తే దానికీ పీటీఆర్ అడగాలి. లేదా పోస్ట్‌ఫిక్స్‌లో ఐనెట్ ప్రోటోకాల్స్ సెట్టింగ్‌ను ఐపీవీ4కి మార్చాలి. ఇది మార్చాక రీలోడ్ చాలదు, పోస్ట్‌ఫిక్స్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి.

ప్రశ్న: మాకు మూడు డొమైన్‌లు, ఒకే సర్వర్, ఒకే ఐపీ. మూడింటికీ పీటీఆర్ పెట్టించాలా?
- గ్రానైట్ వ్యాపారి, తాడిపత్రి

జవాబు: వద్దు. పీటీఆర్ చెప్పేది మెషీన్ పేరు, మెయిల్ రాసినవాళ్ళ పేరు కాదు. ఒక ఐపీకి ఒక పేరు చాలు. మూడు పెడితే ఎదుటి సర్వర్‌కు ఏది ముందు వస్తుందో చెప్పలేం, తంటా పెరుగుతుంది. డొమైన్‌కొకటి చొప్పున కావలసినవి ఎస్‌పీఎఫ్ (ఆ డొమైన్ పేరున ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే రికార్డు), డీకిమ్ (మెయిల్‌పై డిజిటల్ సంతకం).

ప్రశ్న: పీటీఆర్ ఉంది, మెయిల్ తిరిగి రావడం లేదు. అయినా స్పామ్‌లో పడుతోంది.
- ఒక పాఠకురాలు, కడప

జవాబు: పీటీఆర్ గేటు దాటిస్తుంది, ఇన్‌బాక్స్‌లో కూర్చోబెట్టదు. ముందు ఆ పీటీఆర్ పేరు చూడండి. ఐపీ అంకెలే గీతలతో కలిపిన పేరైతే అది కంపెనీ గంపగుత్తగా పెట్టింది. చాలా ఫిల్టర్లు దాన్ని ఇంటి కనెక్షన్‌గా అనుమానిస్తాయి, మీ పేరుకు మార్పించండి. తర్వాత ఎస్‌పీఎఫ్. ఒక డొమైన్‌కు ఒక్క ఎస్‌పీఎఫ్ రికార్డే ఉండాలి. పాతది తీయకుండా కొత్తది చేర్చితే రెండూ చెల్లవు, మేం ఎక్కువగా చూసే పొరపాటు ఇదే. ఒకే రికార్డులో ఇన్‌క్లూడ్‌లు (వేరే సర్వీసుల జాబితాలను కలిపేవి) పెరిగి డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటినా చెల్లదు. డీకిమ్ కీ 2048 బిట్‌లదైతే 255 అక్షరాలు దాటుతుంది కాబట్టి టెక్స్ట్ రికార్డులో ముక్కలుగా పెట్టాలి. కొన్ని ప్యానెల్‌లు మాట్లాడకుండా చివర కోసేస్తాయి. సేవ్ చేశాక మళ్ళీ తెరిచి చివరి అక్షరాలు సరిచూసుకోండి.

ప్రశ్న: ఇంట్లో ఉన్న మామూలు బ్రాడ్‌బ్యాండ్ మీదే మెయిల్ సర్వర్ నడపొచ్చా?
- విద్యార్థి, అనంతపురం

జవాబు: బయటికి నేరుగా పంపడానికి పనికిరాదు. రౌటర్‌లో వాన్ ఐపీ (బయటి లైన్ వైపు ఐపీ) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, బయటికి కనిపించే మీ పబ్లిక్ ఐపీ ఎంతోమందితో పంచుకుంటున్నదని అర్థం, దానికి మీ పేరున పీటీఆర్ దొరకదు. పోర్టు 25 కూడా మూసి ఉండొచ్చు. పోర్టు 587 మీద ఏదైనా మెయిల్ రిలే సర్వీస్‌కు (మీ తరఫున మెయిల్ పంపేవాళ్ళకు) అప్పజెప్పండి. అప్పుడు పీటీఆర్ చూసుకోవలసింది వాళ్ళు. మీ ఎస్‌పీఎఫ్‌లో వాళ్ళ ఇన్‌క్లూడ్ చేర్చడం మాత్రం మీ పని.