కంటికి కొండంత, ఫొటోలో గోరంత

ప్రశ్న: ప్రయాణంలో ఆకాశాన్ని తాకుతున్నట్టు కనిపించిన పర్వతాలు నా ఫోన్‌తో తీసిన ఫొటోలో మాత్రం అడుగున ఒక సన్నని నీలిరంగు గీతలా వస్తున్నాయి. మంచి కెమెరా కొనుక్కోవడమే దీనికి మార్గమా?

జవాబు: కొనవలసిన అవసరం లేదు. ఫోన్లలోని ప్రధాన కెమెరా సాధారణంగా పాత ఫిల్ము కెమెరాల లెక్కలో 24 నుంచి 28 మిల్లీమీటర్ల లెన్సుకు సమానం కాబట్టి, అది చాలా విశాలమైన దృశ్యాన్ని ఒకేసారి పట్టుకుంటుంది. మన చూపు శిఖరం మీదనే నిలిచి చుట్టూ ఉన్నదాన్ని పట్టించుకోదు. లెన్సు మాత్రం కాళ్ల దగ్గరి గడ్డికీ, తలపైని ఖాళీ ఆకాశానికీ కొండతో సమానంగా చోటిస్తుంది. అందువల్ల ఫోన్‌లో టెలిఫొటో లెన్సు, అంటే దూరాన ఉన్నదాన్ని పెద్దగా చూపే లెన్సు, విడిగా ఉంటే దానినే వాడండి. తెరను వేళ్లతో లాగి ఆ లెన్సు హద్దును దాటించడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే అక్కడినుంచి జరిగేది బొమ్మను కత్తిరించి పెద్దది చేయడం మాత్రమే.

కొండ ముందర ఒక ఇల్లో, చెట్టో, నడిచే మనిషో ఉంటే ఇంకొక ఉపాయం పనిచేస్తుంది. ఆ మనిషికి దగ్గరగా నిలబడి విశాలమైన లెన్సుతో తీస్తే మనిషి పెద్దగా, కొండ చిన్నగా వస్తాయి. అదే మనిషి నుంచి వంద అడుగులు వెనక్కి జరిగితే, ఎక్కడో దూరాన ఉన్న కొండ పరిమాణంలో దాదాపు మార్పేమీ రాదు గానీ, మనిషి దానితో పోలిస్తే చిన్నవాడైపోతాడు; అప్పుడు జూమ్ చేస్తే ఇద్దరూ పెద్దవై కొండ అతని వెనుక గోడలా లేచి నిలుస్తుంది. పర్వతం ఎత్తును ఫొటోలో చెప్పగలిగేది దాని పక్కన కనబడే తెలిసిన వస్తువే గనుక, ఈ పని కోసం కాస్త నడవడానికి బద్ధకించవద్దు.

ఇక నీలిరంగు సంగతి. గాలిలోని అణువులు వెలుగులోని నీలాన్ని ఎరుపుకంటే ఎంతో ఎక్కువగా చెదరగొడతాయి. మధ్యనున్న గాలి మందం పెరిగేకొద్దీ ఆ నీలపు తెర దట్టమవుతుంది, తేమా దుమ్మూ చేరితే తెల్లబడుతుంది. జూమ్ దీనిని తొలగించలేదు. వాన వెలిసిన తరువాతి గంటలూ, గాలి తేటగా ఉండే తెల్లవారుజాములూ ఇందుకు అనువైనవి. కెమెరా ఉన్నవారు లెన్సు ముందు బిగించే పోలరైజర్ ఫిల్టరు వాడవచ్చు, అది గాలిలో చెదిరిన వెలుగును కొంత ఆపుతుంది; అది సూర్యుడికి సుమారు 90 డిగ్రీల పక్కదిశలో తీసినప్పుడు బాగా పనిచేస్తుంది, సూర్యుడు సరిగ్గా ముందో వెనుకో ఉంటే దాదాపు పనిచేయదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ 1927లో కాలిఫోర్నియాలోని యోసెమిటీలో ఉన్న హాఫ్ డోమ్ శిఖరాన్ని మొదట పసుపు ఫిల్టరుతో తీసి, తృప్తి కలగక, ఫిల్ముకు బదులు వాడుతున్న గాజు ప్లేట్లలో చివరిదానిని ముదురు ఎరుపు ఫిల్టరుతో తీశాడు. ఆ ఫిల్టరు నీలాన్ని ఆపేయడంతో ఆకాశం దాదాపు నల్లగా వచ్చి రాతిముఖం ముందుకు దూకినట్టు కనిపించింది. ఫొటోను నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు నీలం రంగు వెలుగును తగ్గిస్తే ఈనాడు మీకూ అటువంటి ఫలితమే దక్కుతుంది.

అయితే ఈ మసక ఎప్పుడూ శత్రువు కాదన్నది నా అభిప్రాయం. ఒకదాని వెనుక ఒకటిగా కొండల వరుసలుంటే, వెనక్కి పోయేకొద్దీ లేతబడే ఆ పొరలే దూరాన్ని చూపిస్తాయి. వాటిని దిద్ది అన్నిటినీ ఒకే ముదురుకు తేవడం ఆ లోతును చెరిపివేయడమే.

అన్నిటికంటె ముఖ్యమైనది వేళ. మధ్యాహ్నపు ఎండ నిట్టనిలువుగా పడి మడతలను చదును చేస్తుంది. పక్కనుంచి పడే వెలుగు ప్రతి గట్టుకూ ఒక నీడనిచ్చి రాతికి ఆకారం తెస్తుంది. తూర్పు ముఖానికి ఉదయం, పడమటి ముఖానికి సాయంత్రం వెలుగు అందుతుంది కాబట్టి, మీరు బస చేసిన చోటికి శిఖరం ఏ ముఖం చూపిస్తున్నదో ముందురోజే గమనించుకోండి. లోయలో పొద్దుగుంకగానే ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవారే ఎక్కువ. ఎత్తయిన శిఖరాలకు ఆ తరువాత కూడా కాసేపు వెలుగు అందుతుంది, అది చాలాదూరం గాలిలో ప్రయాణించి నీలాన్ని పోగొట్టుకున్నది గనుక మంచు గులాబీ రంగు తేలుతుంది.

ప్రశ్న: మంచు కొండలు తెల్లగా కాక బూడిదరంగులో వస్తున్నాయి. చలిలో బ్యాటరీ కూడా త్వరగా అయిపోతోంది.

జవాబు: కెమెరా మీటరు ఎదుటి దృశ్యం సగటున మధ్యస్థమైన బూడిదరంగులో ఉంటుందని అనుకుని వెలుగును లెక్కిస్తుంది. ఫ్రేమునిండా మంచే ఉంటే దానినీ బూడిదకు దించుతుంది. ఫొటో ఎంత వెలుగుగా రావాలో మార్చే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను +1 నుంచి +2 వరకు పెంచి, ఫొటోలోని చీకటి, వెలుగుల పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్ అనే గ్రాఫు కుడి అంచుకు గుద్దుకోకుండా చూసుకోండి. లిథియం బ్యాటరీల శక్తి చలిలో తాత్కాలికంగా తగ్గుతుంది కనుక అదనపు బ్యాటరీని లోపలి జేబులో ఒంటివేడికి ఉంచండి. వెచ్చని గదిలోకి వెళ్లేముందు కెమెరాను ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూసిపెడితే తేమ సంచిపైన పడుతుంది, లెన్సుపైన కాదు.

ప్రశ్న: వాహనం ఆగదు. కిటికీలోంచి తీయవచ్చా?

జవాబు: తీయవచ్చు. అద్దం దింపగలిగితే దింపండి, కానీ చేయీ కెమెరా బయట పెట్టకండి. దిగని అద్దమైతే లెన్సును దానికి వీలైనంత దగ్గరగా, తాకించకుండా ఉంచి ఫ్లాష్ ఆపేయండి. షట్టర్ వేగం, అంటే ఫొటోకు వెలుగు అందే సమయం, సెకనులో 1/1000వ వంతుకు మించకూడదు. దారిపక్క చెట్లు అప్పటికీ చెదిరినట్టు రావచ్చు కాబట్టి, వాటి మధ్య ఖాళీ రాబోతున్నదని ముందుగా చూసుకుని వరుసగా కొన్ని ఫొటోలు తీసి, చెట్లు అడ్డురానిదానిని ఉంచుకోండి.